ఉడుకునీళ్ల కోసం నాలుగు రోజులు

ఇదంతా ఒక ఫొటోతో మొదలైంది. మా చిన్నమ్మ కొడుకు జపాన్‌లో ఉద్యోగం చేస్తాడు. మొన్న సంక్రాంతికి ఇంటికి రాలేక అక్కడే తోయా అనే సరస్సుకు పోయి, ఫ్యామిలీ గ్రూపులో వరసగా ఫొటోలు పెట్టాడు. సరస్సు ఒడ్డునే హోటల్, కిటికీ తీస్తే నీళ్లు, నీళ్ల మధ్యలో దీవులు, కిందికి దిగితే ఉడుకునీళ్ల తొట్లు. 1910లో పక్కనున్న ఉసు అగ్నిపర్వతం పేలిన తర్వాత అక్కడ ఉడుకునీళ్లు బయటపడ్డాయట, ఆ నీళ్లను నమ్ముకునే హోటళ్ల ఊరు లేచిందట. మేమందరం ఫోన్ మీద పడి చూస్తుంటే బాపు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "గిందుకు జపాన్ దాకా పోవాల్నా? మన గుండాలల గోదారి ఇసుక తవ్వితే ఉడుకునీళ్లే. టికెట్ లేదు, ఏం లేదు" అన్నాడు.

బాపు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. హన్మకొండ నుంచి భద్రాచలం పోయే బస్సుల్లో చాలా ఏళ్లు తిరిగాడు, నైట్ ఔట్ డ్యూటీ పడ్డప్పుడు తెల్లారక ముందే డ్రైవర్‌ను లేపుకుని గుండాల పోయి ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకుని వచ్చేవాడట. ఇప్పుడు మోకాళ్లు పట్టేసి, మెట్లెక్కాలంటే గోడ పట్టుకుంటున్నాడు. ఆ మాట అన్న రాత్రే నేనూ తమ్ముడూ లెక్కలేసుకున్నాం. మన దగ్గరా సరస్సు ఒడ్డున హోటల్ ఉంది, లక్నవరంలో. ఉడుకునీళ్లూ ఉన్నాయి, భద్రాచలం పక్కన. కాకపోతే రెండింటి మధ్యా నూరు కిలోమీటర్లకు పైనే దూరం. సరే, జపాన్ వాళ్లకు ఒక్కచోట దొరికింది మనం రెండు ముక్కలుగా చూద్దాం అనుకుని బయల్దేరాం. బాపు, అమ్మ, తమ్ముడు, నేను, నా పదేళ్ల కొడుకు. డిక్కీలో ఒక పార. అమ్మ ఎందుకో తన పెళ్లినాటి రాగి చెంబు కూడా పెట్టింది.

మొదటి రోజు

ఏడింటికి అనుకున్నది తొమ్మిదిన్నరకు కదిలాం. బాపు ముందు సీట్లో కూర్చుని ఆరెపల్లి, గూడెప్పాడ్, మల్లంపల్లి అని ఒక్కో స్టేజీ పేరు చెబుతూనే ఉన్నాడు, ఎవరైనా దిగుతారేమో అన్నట్టు వెనక్కి కూడా చూస్తున్నాడు. ములుగు రాకముందు గట్టమ్మ దగ్గర ఆగాం. మేడారం పోయే వాళ్లు ముందు ఇక్కడ మొక్కి పోతారు కదా, జాతర లేకున్నా, పోయేది మేడారం కాకున్నా ఆ గుట్ట దాటిపోవడానికి అమ్మ ఒప్పుకోదు. కొబ్బరికాయ కొట్టి, ఆ చిప్పలు నములుకుంటూ జంగాలపల్లి దగ్గర రామప్ప వైపు తిరిగాం.

రామప్ప గురించి చాలామంది రాశారు కాబట్టి ఎక్కువ చెప్పను. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి వచ్చింది. నీళ్లలో తేలే ఇటుకలు, పునాది కింద ఇసుక నింపిన పెట్టె, ఇవన్నీ బడి పిల్లలకు కూడా తెలుసు. మా వాడు మాత్రం ఎత్తు మడమల చెప్పులేసుకున్న మదనిక ఎక్కడుందో చూపించేదాకా కదల్లేదు, చూపించాక "అమ్మా, నీ పెళ్లి ఫొటోలో చెప్పులు" అన్నాడు. బాపు నల్లరాయిని చేత్తో నిమురుతూ ఒకచోట కూర్చుండిపోయాడు. గుడి అంత బరువును ఇసుక మోస్తోందంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు, ఇసుక అంటే కాలు పెడితే జారిపోయేదే కదా మనకు తెలిసింది.

గుడి నుంచి రామప్ప చెరువు కట్ట మీదికి పోయి పది నిమిషాలు నిలబడ్డాం. అక్కడ కూడా ఉండటానికి కాటేజీలున్నాయి, తమ్ముడు ఇక్కడే ఆగిపోదామన్నాడు కానీ లక్నవరంలో గది తీసుకున్నాం కదా. చల్వాయి దగ్గర మెయిన్ రోడ్డు వదిలి బుస్సాపూర్ వైపు పోతుంటే రెండు పక్కలా పొలాలు, యాసంగి నాట్లు నడుస్తున్నాయి, ఆ తర్వాత ఒక్కసారిగా అడవి.

గదిలోకి పోయి కర్టెన్ లాగితే ఎదురుగా నీళ్లు. అందరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. నిజం చెప్పొద్దూ, గది మామూలుదే, దుప్పట్లు పల్చన, టీవీలో మూడు ఛానళ్లు. కానీ ఆ కిటికీ ముందు ఆ లెక్కలన్నీ గుర్తుకు రావు. సాయంత్రం గుట్టల వెనక్కి పొద్దు దిగుతుంటే నీళ్ల రంగు రాగి చెంబు రంగులోకి మారింది. నేను కాదు, అమ్మ అన్నది ఆ మాట. రాత్రి చేపల వేపుడు, వేడి అన్నం, పప్పుచారు. చేప బాగుంది, కారం దండిగా.

రెండో రోజు

తెల్లారి ఐదున్నరకు కరెంటు పోయింది. గీజర్ లేదు. ఉడుకునీళ్ల కోసం బయల్దేరిన ప్రయాణంలో మాకు ఉడుకునీళ్లు లేవన్న మాట. అమ్మ "ఏందయ్యా, గిదేనా నీ జపాను" అని బాపును అరగంట ఆడుకుంది. వంటింట్లో పనిచేసే పిల్లగాడు ఒకడు ఈ మాటలు విన్నాడేమో, వెనకాల కట్టెల పొయ్యి మీద పెద్ద గంజులో నీళ్లు కాగబెట్టి రెండు బకెట్లు మోసుకొచ్చాడు. పొగ వాసన కొట్టే ఆ నీళ్లతో స్నానం చేసి చాలా ఏళ్లయింది, చిన్నప్పుడు మా ఊళ్లో కాగు కింద కట్టెలు ఎగదోసేది నేనే. వంద రూపాయలిస్తే తీసుకోలేదు, మా వాడి చేతిలోని బిస్కెట్ ప్యాకెట్ తీసుకున్నాడు.

బయటికొస్తే సరస్సు మీద మంచు. అవతలి ఒడ్డు కనబడదు, వంతెన సగం దాకా పోయి గాలిలో ఆగిపోయినట్టుంది. నీటికాకులు మొండి చెట్ల మీద రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటున్నాయి. ఆ టైములో మేము తప్ప ఎవరూ లేరు. ఎవరైనా లక్నవరం పోయి పొద్దున వచ్చి సాయంత్రం వెనక్కి పోయేటట్టయితే వాళ్లు చూసేది వేరే లక్నవరం, పది దాటాక బస్సులు దిగుతాయి, సెల్ఫీలు, స్పీకర్లు, పిల్లల అరుపులు. ఒక రాత్రి ఉండాలనేది ఈ రెండు గంటల కోసమే.

వేలాడే వంతెన 160 మీటర్లు ఉంటుందట. నడుస్తుంటే ఊగుతుంది, మా వాడు కావాలని గెంతుతాడు, అమ్మ నాలుగడుగులు వేసి "నేను ఈడనే ఉంట" అని తిరిగొచ్చేసింది. బాపు మోకాళ్ల నొప్పులతోనే చివరిదాకా పోయాడు. తర్వాత బోటు ఎక్కాం, దీవుల మధ్యలోంచి తిప్పాడు.

నాకు బోటు కన్నా నచ్చింది మధ్యాహ్నం కట్ట మీద నడక. ఈ సరస్సు కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో కట్టింది. గుట్టల మధ్య మూడు ఇరుకు లోయలుంటే ఆ మూడింటినీ చిన్న చిన్న కట్టలతో మూశారు, మిగతా పనంతా గుట్టలే చేశాయి. చుట్టూ గోడ కట్టకుండా సందులు మాత్రం పూడ్చడమంటే, ఆ చోటు చూసి కనిపెట్టినవాడు ఎవరో గానీ ఎన్ని నెలలు ఈ గుట్టలెక్కి దిగాడో అనిపించింది. తూము దగ్గర ఒక పెద్దాయన కాలువ నీళ్లు చూసుకుంటున్నాడు. బాపు ఆయన పక్కన కూలబడి ముచ్చట పెట్టాడు. నీళ్లు ఎప్పుడు వదులుతారు, ఎన్ని తడులు, ఏ ఊళ్ల దాకా పారుతుంది, అన్నీ అడిగాడు. ఆయన చివర్లో అన్నది నాకు గుర్తుండిపోయింది: "మీరు సూసేది సెరువు బిడ్డా, ఎండకాలం రండ్రి, గప్పుడు ఎన్ని నీళ్లు మా పొలాలకు పోయినయో తెలుస్తది." హోటల్ కిటికీలోంచి చూస్తే ఇదంతా మన కోసం నింపి పెట్టినట్టే ఉంటుంది. కాదు, ఇది ముందు సాగు చెరువు, హోటల్ మొన్న వచ్చింది.

ఆ రాత్రి బాపు మోకాళ్లు వాచాయి. వంతెన ఫలితం. అమ్మ నువ్వుల నూనె వేడి చేయించి రుద్దింది.

మూడో రోజు

పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం. అడవి మధ్యలో రోడ్డు, టేకు ఆకులు రాలి ఎర్రగా పరుచుకున్నాయి. ఏటూరునాగారం దాటాక గోదావరి వెంట మంగపేట వైపు దిగాం. మల్లూరు హేమాచల నరసింహస్వామి గుడి ఆ దారిలోనే, గుట్ట మీద. మెట్లున్నాయి కాబట్టి బాపు కింద ఆగుతాడనుకున్నాం, ఆయన ఆగలేదు, తమ్ముడి భుజం పట్టుకుని ఎక్కాడు. స్వామి విగ్రహం మనిషి ఒంటిలా మెత్తగా ఉంటుందని, నొక్కితే లోపలికి పోతుందని అక్కడ అందరూ చెప్పేదే. నాభి దగ్గర పూసే చందనం ప్రసాదంగా ఇస్తారు, పిల్లలు లేనివాళ్లు దానికోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పక్కనే చింతామణి జలధార, గుట్టలోంచి వస్తున్న చల్లటి నీళ్లు, జనం సీసాలు, డబ్బాలు పెట్టి పట్టుకుంటున్నారు. ఆ నీళ్లు తాగితే రోగాలు పోతాయని నమ్మకం. మేమూ రెండు సీసాలు పట్టుకున్నాం. ఉడుకునీళ్ల యాత్రలో ఇప్పటిదాకా దొరికింది మంచు, చల్లనీళ్లు.

మధ్యాహ్నానికి మణుగూరు. బొగ్గు లారీలు, రోడ్డంతా నల్లటి దుమ్ము. ఇక్కడ పగిడేరు అనే ఊరు చూడాలని తమ్ముడి పట్టు, ఎలక్ట్రికల్ చదివాడు కదా. బొగ్గు కోసం బోరు వేస్తే భూమిలోంచి ఉడుకునీళ్లు వాటంతటవే పైకి వచ్చిన చోటు అది, మోటారు లేకుండానే. ఆ వేడితో కరెంటు తీయడానికి సింగరేణి 20 కిలోవాట్ల చిన్న ప్లాంటు పెట్టింది. నీళ్లు ఆవిరయ్యేంత వేడిగా ఉండవు కాబట్టి, తక్కువ వేడికే మరిగే ఇంకో ద్రవాన్ని ఈ నీళ్లతో మరిగించి దాని ఆవిరితో టర్బైన్ తిప్పుతారని తమ్ముడు చెప్పాడు. మేము బయటి నుంచే చూశాం, చూడటానికి పెద్దగా ఏమీ లేదు, కొన్ని పైపులు. కానీ ఒక్క మాట. జపాన్‌లో అయితే అగ్నిపర్వతం ఉంది, అర్థమవుతుంది. ఇక్కడ అగ్నిపర్వతం ఎక్కడిది? ఇక్కడ వేరే కథ. ప్రాణహిత, గోదావరి వెంట ఉన్న ఈ లోయంతా ఎప్పుడో కోట్ల ఏళ్ల కింద భూమి పగుళ్ల మధ్య కిందికి కుంగిన పట్టీ. అందులో నిండిన మట్టి, చెట్లే ఇప్పటి గోండ్వానా రాళ్లు, సింగరేణి బొగ్గు. వాన నీళ్లు ఆ పగుళ్ల వెంట లోతుకు దిగి, అక్కడి వేడికి కాగి, దారి దొరికిన చోట మళ్లీ పైకి వస్తాయి. అంటే మన బొగ్గూ, మన ఉడుకునీళ్లూ ఒకే గుంతలోవి. ఇది విని బాపు "గందుకే అంటిని" అన్నాడు, ఏమన్నాడో మాకెవరికీ తెలియదు.

సాయంత్రం భద్రాచలం. లాడ్జి పేరు చెప్పను, వాసన గురించి కూడా చెప్పను. రాముణ్ని చూసుకుని, రామదాసు చేయించిన నగల ముచ్చట మా వాడికి చెబుతూ ఘాట్‌కు దిగాం. పాల్వంచ తహసీల్దారు గుడికి ఖర్చుపెట్టి గోల్కొండ జైలుకు పోవడం వాడికి అస్సలు నచ్చలేదు. గోదావరి బాగా తగ్గి, ఇసుక తిన్నెలు బయటపడి ఉంది. అదే నది 1986లో 75.6 అడుగులకు వచ్చింది, 2022 జూలైలో 71.3. మొదటి హెచ్చరిక 43 అడుగులకే ఇస్తారు. 86 వరదప్పుడు బస్సు ఇవతలే ఆగిపోయి మూడు రోజులు ఒక బడిలో పడుకున్నానని బాపు చెప్పాడు. ఇన్నేళ్లలో ఈ సంగతి మాకెప్పుడూ చెప్పలేదు.

నాలుగో రోజు

ఐదింటికే బాపు తయారు. చీకటి, చలి, మంకీ క్యాపు. గుండాల భద్రాచలానికి ఐదు కిలోమీటర్లు, కానీ అది ఇప్పుడు ఆంధ్రప్రదేశ్. 2014లో పోలవరం ముంపు మండలాలు అటు పోయినప్పుడు భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో ఉండి, చుట్టూ ఉన్న ఊళ్లు అవతలికి పోయాయి. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకులపాడు, ఈ ఐదు పంచాయతీలను తిరిగి కలపాలని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. బాపుకు ఇదంతా తెలుసు, అయినా బోర్డు కనబడగానే "నా టిక్కెట్ బుక్కుల గిది లేకుండె" అని నవ్వాడు.

గుండాలలో హోటల్ లేదు, తొట్లు లేవు. గోదావరి, ఇసుక. చలికాలంలో బ్రహ్మ, విష్ణువు, మహేశ్వరుడు ముగ్గురూ వచ్చి ఇక్కడ స్నానం చేశారని చెబుతారు, కాబట్టి చలికి వణుకుతూ వచ్చిన వాళ్లలో మేం మొదటివాళ్లం కాదు. బాపు ఇసుకలో నడుస్తూ "ఈడనే" అని ఒకచోట కర్ర గుచ్చాడు. తమ్ముడు పారతో తవ్వాడు. రెండడుగులకు నీళ్లు ఊరాయి. చెయ్యి పెట్టాను. చల్లగా ఉన్నాయి, జివ్వుమంది.

బాపు ముఖం చూడలేకపోయాను. ఇంకోచోట తవ్వాం, అక్కడా అంతే, కొంచెం గోరువెచ్చన అనిపించింది కానీ అది మా ఆశేమో. ఇన్నేళ్ల వరదలు, ఇసుక ఎంత కదిలిందో, గట్టు ఎక్కడికి జరిగిందో, ఆయన మనసులో ఉన్న గుర్తు ఇంకా అక్కడే ఉంటుందా? అమ్మ కూడా ఈసారి వెక్కిరించలేదు. అప్పుడు వల భుజాన వేసుకుని పోతున్న ఒకాయన ఆగి, మా గుంతలు చూసి నవ్వుతూ, "అక్కడెందుకండీ, అది ఏటి నీరు. ఇటు రండి, గట్టు దగ్గరగా" అన్నాడు. చెప్పు విడిచి, కాలి బొటనవేలితో ఇసుకను అక్కడక్కడా నొక్కి చూసి ఒకచోట నిలబడ్డాడు. తమ్ముడు తవ్వాడు. గుంతలోంచి సన్నగా ఆవిరి లేచింది.

ఆ క్షణంలో మా బాపు చేసిన పని, చెమ్మ ఇసుకలో అలాగే కూలబడి ప్యాంటు మడతలు మోకాళ్ల పైదాకా లాగడం. రెండు కాళ్లూ పెట్టి వెంటనే తీశాడు, మళ్లీ పెట్టాడు. అమ్మ చెంబుతో ఏటి నీళ్లు తెచ్చి గుంతలో కలిపింది, చంటిపిల్లలకు నీళ్లు తొలిపినట్టు. అడుగున ఇసుక గింజలు నీళ్లతో పాటు పైకి ఎగిరి పడుతున్నాయి, మా వాడు బోర్లా పడుకుని అదే చూస్తున్నాడు. తర్వాత చెలమ పెద్దది చేశాం, అందరం చుట్టూ కూర్చుని కాళ్లు లోపల పెట్టాం. ముందు గోదావరి, మీద మంచు, కింద వేడి. వల ఆయన బీడీ వెలిగించి గట్టు మీద కూర్చున్నాడు. బాపు ఆయనకు ఆ కాలం డ్రైవర్ల ముచ్చట్లు, బస్సు ముచ్చట్లు చెబుతూనే ఉన్నాడు.

గంటన్నర కూర్చున్నాం. మోకాళ్లు తగ్గాయా అంటే, వాపు అలాగే ఉంది, కానీ కారు దాకా కర్ర లేకుండా నడిచాడు. నేను డాక్టర్‌ను కాదు, నొప్పి ఎక్కడ తగ్గిందో నాకు తెలియదు.

పోవాలనుకునే వాళ్లకు రెండు మాటలు. వానాకాలంలో పోవద్దు, నది నిండితే గుండం నీళ్ల కింద ఉంటుంది. పార తీసుకెళ్లండి, ఊరివాళ్లను అడిగి తవ్వండి, మనకు తెలుసులే అనుకోవద్దు. నీళ్లు మొదట చేత్తో చూసుకోండి, పిల్లలను ఒక్కసారే దింపొద్దు. ఆడవాళ్లు తడి బట్టలు మార్చుకోవడానికి మాకైతే చాటు ఏదీ కనబడలేదు, నేను కారులో అమ్మ చీర అడ్డం పెట్టుకుని మార్చుకున్నాను. అక్కడ ఎవరైనా ఏదైనా కడితే ముందు ఆ ఒక్క గది కట్టాలి. టైల్స్ వేసిన తొట్లు మాత్రం వద్దు, తవ్వుకోవడంలోనే సగం మజా ఉంది.

వెనక్కి కొత్తగూడెం మీదుగా వచ్చాం. ఇల్లందు దాటాక టీ కోసం ఆగినప్పుడు అమ్మ డిక్కీ తీసి, సంచులన్నీ ఒక్కొక్కటే దింపి, మళ్లీ ఒక్కొక్కటే ఎక్కించి, "చెంబేది?" అంది. ఎవరం మాట్లాడలేదు. గుంత పక్కన ఇసుకలో నిలబెట్టి వచ్చేశాం, పెళ్లినాటి చెంబు. మహబూబాబాద్ దాకా ఆ తిట్లే. బాపు సీటు వెనక్కి వాల్చుకుని, కళ్లు మూసుకునే, "ఏడికి పోతది, మల్లచ్చే చలికాలం పోయి తెచ్చుకుందాం తీ" అన్నాడు.